సంపూర్ణ సమర్థురాలు

వైకల్యం శరీరంలో ఉండదని మా జిల్లాలో అధికారికంగా తేలింది. అది మనసులో ఉంటుందట. ఈ సంగతి కనిపెట్టింది జిల్లా వికలాంగుల సంక్షేమాధికారి దయాసాగర్ గారు. సారు పట్నంలో ఒక పెద్ద హోటల్లో శిక్షణకు పోయి వచ్చారు. అక్కడ కోటు వేసుకున్న ఒకాయన మైకు చెంపకు అంటించుకొని, చేతులు లేనివాళ్లు కాళ్లతో బొమ్మలు గీసే వీడియోలు చూపించాడట. సారు ఏడ్చారట. ఏడ్చినాయన ముక్కు తుడుచుకొని ఊరుకుంటే సరిపోయేది. తిరిగొచ్చి సర్క్యులరు తీశారు.

సర్క్యులరు పేరు ‘సామర్థ్య దృష్టి’. సారాంశం ఏమంటే, ఇకమీదట పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్న మనిషికి ఏ అవయవం లేదో చూడరు. లేనిదాన్ని చూడటం నెగటివ్ ఆలోచన. ఆ మనిషి ఏం చేసుకోగలడో చూస్తారు. తినడం, తాగడం, స్నానం, బట్ట కట్టుకోవడం, నడక, రాత, తలుపు తీయడం, బరువు మోయడం, ప్రయాణం, ఫోను మాట్లాడటం. ఇవీ పనులు. మొదట అందరికీ వంద శాతం ఇస్తారు. ఇందులో సొంతంగా చేసుకునే ప్రతి పనికీ పది కోస్తారు. చివరికి నలభై మిగిలితే పింఛను. మిగలకపోతే బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపుతారు. చప్పట్లు కొట్టాలని కూడా సర్క్యులరులోనే ఉంది.

నా పేరు ఓదెలు. మండల వికలాంగుల సంఘానికి కార్యదర్శిని. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతాను. ఇది నా కథ కాదు గనుక నా సంగతి ఇక్కడే తేల్చేస్తాను. శిబిరానికి నా బండి నేనే తిప్పుకుంటూ వచ్చాను కాబట్టి ప్రయాణంలోనూ పాసయ్యాను, నడకలోనూ పాసయ్యాను.

“నడక ఎట్లయితది సారూ, కాళ్లే లేస్తలేవు” అన్నాను.

“మీరు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరారు కదండీ. నడక లక్ష్యం అదే కదా” అన్నాడు డాక్టర్ శ్రీకర్ అనే కుర్ర డాక్టరు. ఎంతో మర్యాదగా అన్నాడు. మర్యాదకేం తక్కువ లేదు. చప్పట్లు కొట్టారు.

నా వెనక కళ్లు లేని ఒక భజన గాయకుడు. బస్సెక్కి ఒక్కణ్నే వచ్చానని గర్వంగా చెప్పుకున్నాడు. ఎవరడిగారయ్యా నిన్ను. అతనికీ చప్పట్లు.

కథ నీలవ్వది.

నీలవ్వకు నలభై ఐదేళ్లుంటాయి. కొన్నేళ్ల కింద మక్కలు పట్టే మిషన్లోకి కంకులు తోస్తుంటే కుడి చేయి మోచేతి దాకా పోయింది. మిషనువాడు నెత్తురు కడుక్కొని వేరే ఊరికి కిరాయికి పోయాడు. మొగుడు అంతకుముందే చనిపోయాడు. తమ్ముడి ఇంటికి చేరింది. అక్కడ ఒక్క ఎడమ చేత్తో మళ్లీ అన్నీ మొదటి నుంచి నేర్చుకుంది. కొంగు పళ్లతో పట్టి కుచ్చిళ్లు పోసుకుంటుంది. మొండిచేతిని బిందె గొంతుకు ఆనించి ఎడమ చేత్తో నడుముకెత్తుకుంటుంది. ఆ ఇంటి చాకిరీ అంతా ఆమెదే. కూడు మాత్రం మరదలు లావణ్య పెట్టినప్పుడు తినాలి, పెట్టినంత తినాలి.

లావణ్యకు నోరు ఎక్కువ. ఒకసారి నా ముందే అన్నది: “ఒక్క చేత్తోనే గింత తింటున్నవ్ వదినా. రెండోది గూడ ఉంటే మా గరిసెల గింజలన్ని ఖాళీ చేస్తుంటివి.”

నీలవ్వ నవ్వింది. వాకిట్లోకొచ్చాక నవ్వు ఆపి నాతో చెప్పింది: “ఓదెలన్నా, నాకు మేడలొద్దు మిద్దెలొద్దు. పింఛనస్తే ఒక చిన్న అర్ర కిరాయికి తీసుకుంట. నా పొయ్యి, నా గిన్నె. నా చేత్తోటి నేను వండుకొని, ఒకల మొకం సూడకుంట తింట. గంతే.”

ఆమె కోరిక అంతే. ఒకరి మొహం చూడకుండా అన్నం తినడం. ప్రభుత్వం ఆ మాత్రం ఇవ్వగలదనుకొని దరఖాస్తు నింపి, వెంటబెట్టుకొని తీసుకుపోయాను.

శిబిరం ఒక ఫంక్షన్ హాల్లో. స్టేజి మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే కుర్చీల వెనక ‘లేనిది వదిలేద్దాం, ఉన్నది చూద్దాం’ అని బ్యానరు. నీలవ్వ పోయి డాక్టరు ముందు కూర్చుంది. మొండిచేతి మీది కొంగు తీయబోయింది.

“వద్దమ్మా, కప్పుకునే ఉండండి” అన్నాడు శ్రీకర్. “మేం అది చూడం.”

“సూడరా? గది సూపెట్టుటానికే అచ్చిన గద సారూ.”

“చూస్తే మా అంచనా ప్రభావితమవుతుంది. చీర ఎవరు కట్టారు?”

“ఎవలు కడతరు సారూ, నేనే కట్టుకున్న.”

శ్రీకర్ ట్యాబు మీద వేలు పెట్టాడు. పది పోయింది.

“స్నానం?”

“గదేం అడుగుడు సారూ. నేనే చేస్త.”

“అన్నం ఎవరు తినిపిస్తారు?”

“ఒకలు తినిపిచ్చుడేంది, నేనేమన్న పసిపోరినా?”

నేను దగ్గాను. ఆమె మోకాలి మీద గిచ్చాను. నీలవ్వ నా చేతి మీద ఒకటి వేసి కొంచెం జరిగి కూర్చుంది. ఆమెకు అబద్ధమాడటం రాదని కాదు. అవసరమైతే ఎవరి మీదికైనా ఆడుతుంది. తనకు చేతగాదని చెప్పుకోవడమే రాదు.

“రాయడం?” అన్నాడు డాక్టరు.

“రాయరాదు సారూ.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ డాక్టరు అక్కడితో ఆగలేదు.

“రెండు చేతులున్నప్పుడు వచ్చేదా?”

“అప్పుడు గూడ రాకపోవు.”

“అయితే అది నిరక్షరాస్యతమ్మా. వైకల్యం కిందికి రాదు. వయోజన విద్య శాఖకు రాస్తాను.” పది పోయింది.

చివరికి సున్నా మిగిలింది. జిల్లాలో మొట్టమొదటి సున్నా. దయాసాగర్ గారు స్టేజి మీద నుంచి దిగి వచ్చి శాలువా కప్పారు. ‘సంపూర్ణ సమర్థురాలు’ అని బంగారు అంచు సర్టిఫికెట్ ఇచ్చారు.

“సారూ, పింఛను?” అన్నది నీలవ్వ.

“అమ్మా, నీకు పింఛను అవసరం లేదని ఈ రోజు ప్రభుత్వం సాధికారికంగా నిరూపించింది. ఇది నీ విజయం. నీ విజయాన్ని నువ్వు ఆస్వాదించడం నేర్చుకోవాలి” అన్నారు సారు. తర్వాత మైకులో, “అందరూ చప్పట్లు. సోదరి నీలవ్వ కూడా కొట్టాలి. తనను తాను అభినందించుకోవాలి” అన్నారు.

నీలవ్వ చుట్టూ చూసింది. ఎడమ చేత్తో నా వీపు మీద కొట్టింది. బాగా గట్టిగా కొట్టింది.

సర్క్యులరులో ఒక సందు ఉంది. ఫలితం నచ్చనివాళ్లు క్షేత్ర పరిశీలన కోరవచ్చు. బృందం ఇంటికొచ్చి చూస్తుంది. కోరాము. ఎప్పుడొస్తారో చెప్పరు కాబట్టి నీలవ్వకు చేతగానితనం నేర్పే పని నా మీద పడింది. సంఘంలో చేరినప్పటి నుంచి నేను ఎందరికో చేతనైనతనం నేర్పాను. అది తేలిక. రెండోది నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

“చీపురు పట్టకు” అంటే, “వాకిలి గట్లనే ఉండాల్నా?” అనేది. “బిందె ముట్టకు” అంటే, “నీల్లెవలు తెస్తరు, నువ్వు తెస్తవా?” అని నా కాళ్ల వంక చూసేది. మంచం మీద కూర్చోబెట్టి నేను పోలీసోడిలా గుమ్మానికి అడ్డంగా బండి పెట్టుకున్నాను. బండి చక్రానికి పట్టిన మట్టి చూసి అది కడగడానికి లేచింది.

లావణ్య మాత్రం అడగకుండానే ఒప్పుకుంది. “పింఛనొచ్చి మా వదిన వేరే పోతదంటే, తినిపిచ్చుడే కాదు, ఉయ్యాల్ల పండబెట్టి ఊపుత” అన్నది.

బృందం మధ్యాహ్నం దిగింది. బృందమంటే శ్రీకరూ, ట్యాబూ, ట్యాబుకు గొడుగు పట్టుకునే మనిషి. జీపు ఆగేసరికి వాడకట్టు మొత్తం వచ్చి గోడ మీద వరసగా కూర్చుంది. లావణ్య పప్పన్నం కలుపుకొచ్చి వదిన ఎదురుగా పీట వేసుకుంది.

“తెరువు వదినా నోరు. ఇంకింత. మాటలకు మంచిగనే తెరుస్తవ్ గద.”

గోడ మీద నవ్వారు. నీలవ్వ నోరు తెరిచింది. ముద్ద పడింది.

“నములు. గట్ల. మా బంగారి వదిన” అని తన కొంగుతో ఆమె మూతి తుడిచింది లావణ్య.

“తినడం, పరాధీనం” అని పైకి చదివాడు శ్రీకర్. ఒక పది మిగిలింది. నీళ్లు తాగించారు. సగం గొంతులోకి, సగం రవికె మీదికి. ఇంకో పది. స్నానం ఎవరు చేయిస్తారని అడిగితే లావణ్య చేతులు తిప్పుతూ చేసి చూపించింది, ఎక్కడెక్కడ రుద్దుతుందో సహా. గోడ మీది ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. మగవాళ్లు తిప్పుకోలేదు. ఇంకో పది. చీర కూడా మరదలే కడుతుందని ఒక్క మాట అంటే నలభై అయ్యేది. అర్ర, పొయ్యి, గిన్నె అన్నీ ఆ ఒక్క మాట అవతలే ఉన్నాయి.

లావణ్య ఊపు మీదుంది. చీర సంగతికి పోకముందే ఇంకో ముద్ద పెద్దది చేసి నోట్లో కుక్కింది. గోడ వైపు తిరిగి, “మిషను కంకులు మింగినట్టు మింగుతున్నది సూడుండ్లి” అన్నది.

నీలవ్వ ఎడమ చేయి లేచింది. మరదలి మణికట్టు పట్టుకుంది. నోట్లో ముద్ద పళ్లెంలో ఉమ్మింది. ఆ పళ్లెం పక్కకు పెట్టింది. లోపలికి పోయి వేరే పళ్లెంలో అన్నం పెట్టుకొని వచ్చి, మంచం మీద కూర్చొని, ఎవరి వైపూ చూడకుండా మొత్తం తిన్నది. పళ్లెం కడిగి గోడకు బోర్లించింది.

శ్రీకర్ బాధపడ్డాడు. నిజంగానే బాధపడ్డాడు. “సబ్మిట్ నొక్కాక తిని ఉంటే బాగుండేదమ్మా. ఒకసారి నొక్కితే దేవుడు కూడా మార్చలేడు. ఇప్పుడు కళ్లారా చూశాను, నేనేం చేయను” అని పాత సున్నానే ఖాయం చేసి పోయాడు.

నేను తిట్టాను. ఇంకొక్క మాట ఆగలేకపోయావా అన్నాను.

“నా నోట్లె ఇంకొకల చెయ్యి పడొద్దనే గద అన్నా, నేను పింఛనడిగింది” అన్నది.

ధర్నాకు పిలుపిచ్చాను. జవాబు దొరకనప్పుడు మేం చేసే పని అదే.

సంక్షేమ కార్యాలయం గేటు ముందు కూర్చున్నాం. అందరం బంగారు అంచు సర్టిఫికెట్లు మెడలో వేలాడేసుకున్నాం. సారు కారు వచ్చింది. అటెండరు మొగిలి ఉరికొచ్చి తలుపు తీశాడు. గొడుగు పట్టాడు. బ్యాగు భుజానికి, టిఫిను క్యారియరు చేతికి, సారు ఫోను తన చొక్కా జేబులోకి. సారు ఖాళీ చేతులు వెనక్కి కట్టుకొని మా ముందు నిలబడ్డారు.

“మిత్రులారా, మీరు ఎండలో ఇంతసేపు కూర్చోగలుగుతున్నారు. నినాదాలు ఇవ్వగలుగుతున్నారు. ఇది గొప్ప సామర్థ్యం. ధర్నాను పదకొండో పనిగా చేర్చమని పైకి ప్రతిపాదన పంపుతున్నాను. అదలా ఉంచి, క్షేత్ర పరిశీలనలో కొందరు సామర్థ్యాన్ని దాచిపెడుతున్నట్టు మా దృష్టికి వచ్చింది.” ఇక్కడ నీలవ్వ వంక చూశారు. “కావున ఇకమీదట దరఖాస్తుదారు మాట నమ్మబడదు. నిత్యం దగ్గరుండి చూసే మనిషి సాక్ష్యమే పరిగణనలోకి తీసుకోబడుతుంది. రేపు రాజధాని నుంచి ప్రత్యేక బృందం వస్తోంది. మన నమూనాను రాష్ట్రమంతా అమలు చేయబోతున్నారు. మీరందరూ లబ్ధిదారులుగా హాజరై సంతోషంగా కనిపించవలసిందిగా కోరుతున్నాను.”

పోయాం. టీ బిస్కట్లు ఇస్తారని కొందరు, చూద్దాం ఏం చేస్తారో అని కొందరు. మీటింగు హాల్లో వెనక వరసలో కూర్చోబెట్టారు. ముందు వరసలో ప్రత్యేక బృందం. దాని పెద్దాయన అద్దాలు ముక్కు చివరకు జార్చుకొని సర్క్యులరు మొత్తం చదివాడు. చదివిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు.

“బాగుంది. కానీ కొలబద్ద సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? ఏ లోపమూ లేని మామూలు మనిషికి సున్నా వస్తుందని పరీక్షించి చూశారా?”

“ఇప్పుడే చూపిస్తాను” అని దయాసాగర్ గారు పోయి దరఖాస్తుదారు కుర్చీలో కూర్చున్నారు. “శ్రీకర్, నన్ను పరీక్షించండి. ఏ మినహాయింపూ వద్దు. నిబంధన ప్రకారం.”

నిబంధన ప్రకారం సారు ఆధార్ నంబరు ఎక్కించారు. అది లేకపోతే ట్యాబు ముందుకు పోదు. నిబంధన ప్రకారం సారు మాట నమ్మకూడదు. నిత్యం దగ్గరుండి చూసే మనిషిని పిలిచారు. మొగిలి వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“ఉన్నదున్నట్టు చెప్పు మొగిలీ, భయపడకు” అన్నారు సారు, బృందం వైపు చిరునవ్వుతో చూస్తూ.

“తలుపులు సారు సొంతంగా తీసుకుంటారా?” అన్నాడు శ్రీకర్.

“సారు తలుపు ముట్టరు. నేను తీసేదాంక నిలబడతరు. ఒకపారి నేను చాయ తాగ పోయిన. సారు పొద్దుగూకేదాంక గదిలనే ఉండిరి.”

“బరువులు?”

“బ్యాగు నేను, టిఫిను నేను, గొడుగు నేను. ఫోను గూడ నా జేబులనే ఉంటది. మోగితే నేను ఒత్తి సారు చెవుకు పెడత.”

“అంటే ఫోను కూడా పరాధీనమే” అని శ్రీకర్ రెండు గళ్లు నింపాడు. “నడక?”

“కారు మెట్లకాడికస్తది. మెట్లకాన్నే లిఫ్టు. లిఫ్టు ఖరాబైన రోజు సారుకు సెలవు.”

“ప్రయాణం?”

“డ్రైవరు రాకపోయినా సెలవే.”

“రాయడం?” అన్నాడు శ్రీకర్.

“పీఏ సారు రాస్తడు. సంతకం కంప్యూటర్ల ఉంటది, ఆపరేటర్ పోరడు ఒత్తుతడు. సారు సంతకం ఎట్లుంటదో నేనైతే సూడలే.”

“బట్టలు?”

“గుండీలు అమ్మగారు పెడతరు. బూట్ల దారాలు నేను కడత.”

“స్నానం?”

మొగిలి ఆగాడు. “సారూ, గది గూడ చెప్పాల్నా?”

“చెప్పు. పాజిటివ్‌గా చెప్పు” అన్నారు దయాసాగర్ గారు. చిరునవ్వు ఇంకా ఉంది గానీ ఒక పక్కే ఉంది.

“వీపు నేను రుద్దుత.”

వెనక వరసలో మావాళ్లు బిస్కట్లు నమలడం ఆపారు.

“తాగడం?”

“నీల్ల సీస మూత తీసి, గిలాసల పోసి, నోటికాడికి అందిస్త.”

“తినడం?” అన్నాడు శ్రీకర్. అడగకపోతే బాగుండునని అతని మొహం చెబుతోంది. అడగక తప్పదు. నిబంధన.

“చాపల ముండ్లు తీసి ముద్దలు కట్టి పెడత. సారు ఫైలు సూస్తుంటే ముద్ద గూడ నేనే నోట్లె పెడత.”

“భోజనం చేస్తూ కూడా ఫైళ్లు చూస్తారా?” అన్నాడు బృందం పెద్దాయన, మెచ్చుకోలుగా.

“ఫైలంటే ఫోన్ల వీడియోలు సారూ. ఎదురుంగ నిలబెడత. కాళ్లతోటి బొమ్మలేస్తరు సూడుండ్లి, గవి.”

శ్రీకర్ వేలు గాలిలో ఆగింది. పక్కనున్న ఆపరేటర్ కుర్రాడికి రోజూ సారు తరఫున ఒత్తే అలవాటు. ఆ అలవాటు మీదనే చేయి చాపి సబ్మిట్ ఒత్తేశాడు.

హాల్లో ముందున్న పెద్ద తెర మీద వంద వచ్చింది. కింద ఆకుపచ్చ అక్షరాలతో: దరఖాస్తు ఆమోదించబడింది.

ఇంతకాలం మేం దరఖాస్తులు పెట్టి పెట్టి అరిగిపోయాం. ఆ ఆకుపచ్చ అక్షరాలు ఎలా ఉంటాయో మొదటిసారి చూశాం. చాలా అందంగా ఉంటాయి.

దయాసాగర్ గారు లేచి నిలబడ్డారు. ఇది సాంకేతిక లోపమన్నారు. తాను సంపూర్ణ ఆరోగ్యవంతుణ్నని, కాలేజీలో పరుగు పందెంలో కప్పు కొట్టానని చెప్పారు. “దరఖాస్తుదారు మాట నమ్మబడదు” అని పెద్దాయన సర్క్యులరు చదివి వినిపించాడు. అప్పుడు పీఏ వచ్చి సారు చెవి దగ్గర వంగాడు. ఏం చెప్పాడో తర్వాత మొగిలి నాకు చెప్పాడు. రాజధానిలో మా జిల్లా వికలాంగులకు రిజర్వు చేసిన పెద్ద పోస్టు ఒకటి అర్హులు లేక ఖాళీగా ఉంది. అర్హులు ఎందుకు లేరో నేను చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఒక్కరున్నారు.

సారు మెల్లగా కూర్చున్నారు. ఎంత మెల్లగా అంటే, పీఏ భుజం పట్టుకొని కూర్చున్నారు.

“మిత్రులారా” అన్నారు. “ఇన్నేళ్లు నేను నా వైకల్యాన్ని గుర్తించలేదు. పనిలో పడి మరిచిపోయాను. ఈ శాస్త్రీయ విధానమే లేకపోతే నేను ఇలాగే అజ్ఞాతంలో ఉండిపోయేవాణ్ని. మీ బాధ ఈ రోజు నాకు అర్థమైంది.”

కళ్లు తడిశాయి. మొగిలి తుడిచాడు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. మా దరఖాస్తులకు చక్రాలుండవు, సారు దరఖాస్తుకు ఇంజనుంది. పింఛను మంజూరైంది. సహాయకుణ్ని పెట్టుకునే భత్యం మంజూరైంది. పోస్టు ఫైలు పైకి పోయింది. ఒక్కటే చిక్కు. పోస్టు చేతికొచ్చే లోపు మళ్లీ పరిశీలన ఉంటుంది, ఎప్పుడొస్తారో చెప్పరు. అప్పటిదాకా సారు ఏ పనీ సొంతంగా చేస్తూ కనబడకూడదు. అంతకుముందు ఈగ వాలితే తోలుకునేవారు. అది కూడా మానేశారు.

మొగిలిని సహాయకుడిగా పెట్టుకుందామంటే సాక్షి, సహాయకుడు ఒకరే కాకూడదని నిబంధన అడ్డొచ్చింది. సహాయకులు సంపూర్ణ సమర్థులై ఉండాలని, అందుకు రుజువుగా బంగారు అంచు సర్టిఫికెట్‌లో సున్నా శాతం నమోదై ఉండాలని ఇంకో నిబంధన. జిల్లాలో సున్నా ఒక్కటే ఉంది. ‘సదరు నీలవ్వను తక్షణమే కార్యాలయమునందు హాజరుపరచవలసినది’ అని సంఘానికి ఆర్డరు వచ్చింది.

నేను మండిపడ్డాను. ఆర్డరు పట్టుకుపోయి నీలవ్వకు చదివి వినిపించి, పోవద్దన్నాను. కోర్టుకు పోదామన్నాను. చేయి పోయిన మనిషికి పింఛను ఇవ్వనోడు చేతులున్నోడికి అన్నం తినిపించమంటున్నాడు, సిగ్గుండాలె అన్నాను.

“జీతమిస్తరా?” అన్నది నీలవ్వ.

“ఇస్తరట.”

“అర్ర కిరాయికి ఎల్తదా?”

“ఎల్తది. అది కాదు నీలవ్వా, ఆయనకు ముద్దలు పెట్టాలె నువ్వు.”

“ఆయన నోట్లె నా చెయ్యి పడితే నాకేం నామోషి అన్నా” అన్నది. “పెట్టిచ్చుకునేటోనికి ఉండాలె గని.”

లావణ్య ఇంటి వెనక సందులోనే అర్ర దొరికింది. పొయ్యి కొనుక్కుంది. గిన్నె నేను కొనిచ్చాను, సంఘం తరఫున. మొదటి రోజు ఏం వండుకుందో, ఎలా తిన్నదో నాకు తెలియదు. తలుపు వేసుకొని తిన్నది.

మిగతా వాళ్లం ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం. భజన గాయకుడికి ఇంకా చప్పట్లే. వాళ్లందరి తరఫున వినతిపత్రం రాసుకొని మొన్న మధ్యాహ్నం కార్యాలయానికి పోయాను. కిందటి వారంలోనూ పోయాను, అప్పుడు సారు తీసుకోలేదు. నా మీద కోపంతో కాదు. కాగితం చేత్తో అందుకుంటే పది శాతం పోతుంది.

మొగిలి తలుపు తీశాడు. లోపల సారు బల్ల ముందు కూర్చున్నారు. మెడకు తువాలు కట్టి ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఎదురుగా సారు క్యారియరు, మూత తీయలేదు. కోడికూర వాసన మూత సందుల్లోంచి వస్తోంది. బల్లకు ఇవతల కుర్చీలో నీలవ్వ. ఆమె టిఫిను డబ్బా తెరిచి ఉంది. జొన్నరొట్టె, పుంటికూర. తుంచి, కూర అద్ది, నోట్లో పెట్టుకొని నిదానంగా నములుతోంది.

నేను వినతిపత్రం బల్ల మీద పెట్టాను. సారు దాని వంక చూడలేదు. రొట్టె వంక చూస్తున్నారు.

“నీలవ్వా, ఒంటిగంట దాటింది” అన్నారు.

“దాటింది సారూ.”

“ఆకలేస్తోంది.”

“ఏస్తది సారూ.”

“మరి…”

నీలవ్వ ఇంకో తునక తుంచింది. మొండిచేతి మీద కప్పి ఉన్న కొంగు పళ్లతో పట్టి పక్కకు లాగి, ఆ చేతిని సారు ముందు బల్ల మీద పెట్టింది. శిబిరం పెట్టిన నాటి నుంచి ఆ ఆఫీసులో ఎవరూ చూడని చేయి అది. సారు చూశారు. చూడక ఏం చేస్తారు, క్యారియరుకూ ఆయనకూ మధ్య అదే ఉంది.

“ఉన్నది ఒక్కటే చెయ్యి సారూ” అన్నది. “ముందుగాల నాది గానియ్యుండ్లి.”

సారు నోరు మూసుకున్నారు. నీలవ్వ రెండో రొట్టె తీసుకుంది.